పిల్లల నిర్ణయాల్లో పెద్దల చెయ్యి

మంచిచెడుల ఎరుక పిల్లలకు బడి చదువుతో మొదలవదు. మాటలు సరిగ్గా రాకముందే దాని జాడలు కనిపిస్తాయి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే పరిశోధకులు కొన్ని ప్రయోగాలు చేసి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిన్నర వయసు పిల్లల ఎదుట ఒక కొత్త మనిషి బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడిచి, అది అందక అవస్థ పడుతున్నట్టు కనిపించేవాడు. చాలామంది పిల్లలు ఎవరూ అడగకుండానే వెళ్లి క్లిప్పు తీసి ఇచ్చారు. అతను కావాలని విసిరేసినప్పుడు మాత్రం దాని జోలికి పెద్దగా వెళ్లలేదు. ఎదుటివాడికి ఏం కావాలో గ్రహించడం, సాయపడాలనిపించడం ఆ వయసుకే ఉన్నాయన్నమాట. కాబట్టి తల్లిదండ్రులు మంచితనాన్ని ఎక్కణ్నుంచో తెచ్చి పిల్లల్లో పెట్టనక్కర్లేదు. ఉన్న ఆ గుణం ఎండిపోకుండా చూసుకుంటూ, దానికి ఆలోచన తోడయ్యేలా చేయాలి.

ఆ ఆలోచన వయసును బట్టి మారుతుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే పిల్లలకు రెండు చిన్న కథలు చెప్పి తీర్పు అడిగాడు. 1932లో వచ్చిన ఆయన పుస్తకంలో ఈ సంగతి ఉంది. ఒక కుర్రవాడు తలుపు తోసుకుని గదిలోకి వస్తుంటే, తలుపు వెనక కుర్చీ మీద ఉన్న 15 కప్పులు పగిలిపోయాయి. అవి అక్కడున్నాయని అతనికి తెలియదు. ఇంకొకడు అమ్మ ఇంట్లో లేని సమయం చూసి, అలమరలోని జామ్ తీసుకోబోతూ ఒక కప్పు పగలగొట్టాడు. ఎవరిది పెద్ద తప్పు? చిన్నపిల్లల్లో చాలామంది 15 కప్పులవాడిదే అన్నారు. వయసు పెరిగిన పిల్లలు ఉద్దేశాన్ని చూసి రెండోవాడిని తప్పుపట్టారు. ఇంట్లో చెయ్యిజారి పాలు ఒలికినప్పుడు వేసే కేక, కోపంతో గ్లాసు విసిరికొట్టినప్పుడు వేసే కేక ఒకే స్థాయిలో ఉంటే, తప్పును ఉద్దేశంతో కొలవాలన్న సంగతి పిల్లవాడికి తెలిసే అవకాశం చేజారిపోతుంది.

అలాగని పిల్లలను తక్కువ అంచనా వేయడానికీ లేదు. అమెరికాలో ఎలియట్ టూరియల్, జుడిత్ స్మెటానా వంటివారి పరిశోధనల్లో మూడు నాలుగేళ్ల పిల్లలు కూడా రెండు రకాల నియమాలను వేరుచేయగలరని తేలింది. బొమ్మలను చెప్పిన చోట పెట్టకపోవడం టీచరు ఒప్పుకుంటే ఫరవాలేదన్నారు. పక్కవాణ్ణి కొట్టడం మాత్రం, అలా కొట్టొద్దన్న నియమం లేకపోయినా తప్పే అన్నారు. మొదటిది కట్టుబాటు, రెండోది నీతి. మన ఇళ్లలో ఈ రెండూ తరచూ కలగలిసిపోతాయి. ఎడమచేత్తో అన్నం తిన్నా ‘తప్పు’ అంటారు, తమ్ముణ్ణి తోసి కిందపడేసినా ‘తప్పు’ అంటారు. జుట్టు పెంచుకున్నందుకు వచ్చే కోపం పరీక్షలో కాపీ కొట్టినందుకు వచ్చే కోపాన్ని మించినప్పుడు, ఇంట్లో దేనికెంత విలువో పిల్లలు తలకిందులుగా అర్థం చేసుకుంటారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరిగే తెలుగు పిల్లల దగ్గర ఈ చిక్కు మరింత పైకి తేలుతుంది. చుట్టుపక్కల ఎవరూ పాటించని ఆచారాన్ని నీతిగా చెబితే వాళ్లు ‘ఎందుకు’ అని అడగక మానరు. ‘ఇది మన ఇంటి అలవాటు, మనకు ఇష్టం కాబట్టి చేస్తాం’ అని చెప్పడంలో చిన్నతనమేమీ లేదు. ఆచారాన్ని ఆచారంగా, అన్యాయాన్ని అన్యాయంగా చెప్పే ఇంట్లో రెండోదానికి బరువు నిలుస్తుంది.

తప్పు జరిగాక ఏం చేయాలన్నది అన్ని ఇళ్లలోనూ రోజూ ఎదురయ్యే ప్రశ్న. మార్టిన్ హాఫ్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో సహపరిశోధకుడితో కలిసి ప్రచురించిన అధ్యయనంలో తల్లిదండ్రుల పద్ధతులను మూడుగా విడదీశాడు. అధికారం చూపడం మొదటిది: కొట్టడం, అరవడం, ఇచ్చినవి లాక్కోవడం. ప్రేమను వెనక్కి తీసుకోవడం రెండోది. ‘నువ్వు నా కొడుకువే కాదు, నాతో మాట్లాడకు’ వంటి మాటలన్నీ దీని కిందికే వస్తాయి. జరిగినదాని వల్ల ఎదుటివారికి ఏమైందో చూపించి చెప్పడం మూడోది. అక్క గీసుకున్న బొమ్మను తమ్ముడు చింపేశాడనుకుందాం. ‘అక్క పొద్దుట్నుంచీ కూర్చుని గీసుకుంది. చూడు, ఎలా ఏడుస్తోందో. ఇప్పుడు మనం ఏం చేద్దాం?’ అని అడగడం ఆ మూడో పద్ధతి. పట్టుబడతానన్న భయం లేనప్పుడూ తప్పు చేయకపోవడం, చేసిన తప్పు ఒప్పుకోవడం, నొచ్చుకున్నవారి గురించి పట్టించుకోవడం వంటి గుణాలు ఈ మూడో పద్ధతితో ఎక్కువగా ముడిపడి కనిపించాయి.

దీని వెనక ఉన్న సంగతి అంత కష్టమైనదేమీ కాదు. చెయ్యెత్తిన పెద్దమనిషి ఎదుట నిలబడ్డ పిల్లవాడి ధ్యాసంతా తన వీపు మీదే ఉంటుంది. చిరిగిన బొమ్మా ఏడుస్తున్న అక్కా ఆ క్షణంలో అతని కంటికి కనిపించరు. కారణం విన్న పిల్లవాడి చూపు అక్క వైపు మళ్లుతుంది. పైగా ‘ఏం చేద్దాం’ అన్న ప్రశ్న దిద్దుకోవడానికి దారి ఇస్తుంది. కొత్త కాగితం తెచ్చివ్వడం, రంగులు వేయడంలో సాయం చేయడం వంటి చిన్న పనితో తప్పు ముగుస్తుంది. శిక్షతో ముగిసిన తప్పులో ఆ దిద్దుబాటు ఉండదు. అయితే వివరణ చిన్నదిగా ఉండాలి. అరగంట ఉపన్యాసం కూడా ఒక రకం శిక్షే. పిల్లలు దాన్ని ఓర్చుకుంటారు తప్ప వినరు.

కారణాలు చెప్పడమంటే అన్నింటికీ సరే అనడమని కొందరు పొరబడతారు. అమెరికాలోని బర్క్‌లీలో డయానా బామ్‌రిండ్ అనే పరిశోధకురాలు 1960ల నుంచి జరిపిన అధ్యయనాలు ఈ అనుమానాన్ని తీర్చాయి. గట్టి నియమాలు, ఆప్యాయత, కారణం చెప్పే అలవాటు మూడూ ఉన్న ఇళ్లలోని పిల్లలు ఆత్మనిగ్రహంలోనూ స్వతంత్రంగా మెలగడంలోనూ మెరుగ్గా కనిపించారు. ఆజ్ఞలే ఉన్న ఇళ్ల పిల్లలూ, అడ్డూ అదుపూ లేని ఇళ్ల పిల్లలూ ఆ విషయాల్లో వెనకబడ్డారు.

అబద్ధం సంగతి కాస్త నిలిచి చూడదగినది. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే కెనడా పరిశోధకులు 2011లో పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల పిల్లల గురించి ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక బడిలో పెన్సిల్ మరచిపోయినా కర్రతో కొట్టడం, తల మీద మొట్టడం, గిల్లడం రోజువారీ వ్యవహారం. ఇంకో బడిలో మందలింపే ఎక్కువ. మూడు నాలుగేళ్ల పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, వెనక ఉన్న బొమ్మ వైపు తిరిగి చూడొద్దని చెప్పి పెద్దలు బయటికి వెళ్లారు. రెండు బడుల్లోనూ చాలామంది తిరిగి చూశారు. అంటే దెబ్బల భయం ఆశను ఆపలేకపోయింది. ‘చూశావా’ అని అడిగినప్పుడే తేడా బయటపడింది. దెబ్బల బడి పిల్లల్లో తొంగిచూసినవారు దాదాపు అందరూ అబద్ధమాడారు. తర్వాతి ప్రశ్నల్లోనూ దొరక్కుండా ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడంలో వాళ్లే ఆరితేరినవారు. దండన ఆ పసివాళ్లకు నేర్పిన విద్య అదే.

మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ నిషేధం బడి గేటు దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో జరిగేది చాలావరకు పెద్దల వివేకానికే వదిలేసి ఉంది.

కాంగ్ లీ బృందమే 2014లో కథల ప్రభావాన్నీ పరీక్షించింది. మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు తలా ఒక కథ చదివి వినిపించారు. వాటిలో మనకు ‘నాన్నా పులి’గా తెలిసిన కథ ఒకటి. అబద్ధమాడితే ముక్కు పెరిగే పినోకియో కథ మరొకటి. చెర్రీ చెట్టు నరికి, తండ్రి అడిగినప్పుడు నిజం ఒప్పుకుని మెప్పు పొందిన జార్జ్ వాషింగ్టన్ కథ ఇంకొకటి. అబద్ధానికి శిక్షపడే మొదటి రెండు కథల్లో ఏదో ఒకటి విన్న పిల్లలు మామూలుగా ఆడినంతగానే అబద్ధమాడారు. నిజానికి మన్నన దొరికే కథ విన్నవారిలో నిజం ఒప్పుకున్నవారు పెరిగారు. ముగింపు మార్చి చెబితే ఆ ప్రభావమూ పోయింది. తరతరాలుగా పులి కథ చెబుతూ వచ్చిన మనకు ఇది ఆగి ఆలోచించాల్సిన ఫలితం. నిజం చెబితే ఏమవుతుందో పిల్లవాడికి ముందుగా తెలియాలి. ఆ తర్వాత, చెప్పినట్టే జరగాలి కూడా. ‘నిజం చెప్పు, ఏమీ అనను’ అని చెప్పించుకుని ఆపైన చెంప పగలగొట్టిన పెద్దలకు పిల్లలు మళ్లీ నిజం చెప్పరు.

గాంధీజీ ఆత్మకథలో ఇందుకు సరిపోయే ఘట్టం ఉంది. పదిహేనేళ్ల వయసులో ఆయన అన్న చేతి కడియంలోంచి కొంచెం బంగారం దొంగిలించారు. అన్న చేసిన పాతిక రూపాయల అప్పు తీర్చడానికే ఆ పని చేసినా, అది ఆయన మనసును తొలిచేసింది. తండ్రి కరంచంద్ అప్పటికి జబ్బుతో మంచాన ఉన్నారు. నోటితో చెప్పే ధైర్యం లేక, దొంగతనం ఒప్పుకుంటూ చీటీ రాసి తండ్రి చేతికిచ్చారు. తగిన శిక్ష వేయమని అందులో కోరారు. తండ్రి చదివారు, కన్నీళ్లు పెట్టుకున్నారు, చీటీ చింపేసి మళ్లీ పడుకున్నారు. ఒక్క మాట అనలేదు. తండ్రి కోప్పడతారని, తల బాదుకుంటారని అనుకున్న కొడుకుకు ఆ కన్నీళ్లు జీవితాంతం గుర్తుండిపోయాయి. అహింస అంటే ఏమిటో తాను చూసిన పాఠంగా దాన్ని రాసుకున్నారు. చిన్నతనంలో చూసిన హరిశ్చంద్ర నాటకం కూడా తనను పట్టి వదల్లేదని ఆ పుస్తకంలోనే ఉంది. నాటకం చూసి మురిసిన పిల్లలు ఎందరో ఉంటారు. తప్పు ఒప్పుకోగానే అంత మెత్తగా అందుకున్న తండ్రి ఆ పిల్లవాడికి ఉన్నాడు.

బహుమతులు శిక్షలంత చెడ్డవి కావు గానీ వాటికీ ఒక చిక్కుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో జరిగిన ప్రయోగాన్ని మార్క్ లెపర్ బృందం 1973లో ప్రచురించింది. రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లల్లో కొందరికి, వేస్తే పతకం లాంటి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ఆ పత్రం కోసం వేసినవాళ్లు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే పెన్నులు పట్టుకున్నారు. ఇష్టంగా చేసే పని కూలిపనిగా మారిందన్నమాట. వార్నెకెన్, టొమసెల్లో ఇరవై నెలల పిల్లల్లోనూ ఇదే చూశారు. సాయానికి బహుమతి అందుకున్న పిల్లల్లో తర్వాత సాయపడటం తగ్గింది. పదో తరగతిలో మంచి మార్కులు వస్తే ఫోను కొనిస్తామనే ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. ఒకసారికి అది పనిచేస్తుంది. ఫోను చేతికొచ్చాక చదవడానికి మరో కారణం వెతకాల్సి వస్తుంది.

పొగడ్తలోనూ తేడా ఉంది. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ఐదో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనంలో కొందరిని ‘తెలివైనవాడివి’ అని, కొందరిని ‘బాగా కష్టపడ్డావు’ అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన చిక్కుప్రశ్నలిచ్చారు. తమ మార్కులను వేరే బడి పిల్లలకు రాసి చెప్పమంటే, తెలివిని పొగిడించుకున్నవారిలో సుమారు 40 శాతం మంది ఉన్నవాటికంటే ఎక్కువ వేసుకున్నారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లల్లో అలా చేసినవారు చాలా తక్కువ. తెలివైనవాడన్న పేరు నిలబెట్టుకోవాల్సిన బరువు పిల్లవాణ్ణి అబద్ధం దాకా నెడుతుంది.

ఇక పెద్దల నడవడి. 1961లో ఆల్బర్ట్ బాండురా అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల ఎదుట పెద్దవారొకరు గాలిబొమ్మను కొడుతూ తిడుతూ ఉంటే ఏమవుతుందో పరీక్షించాడు. పిల్లలు ఆ దెబ్బలనూ ఆ తిట్లనూ అచ్చంగా దించేశారు. ప్రయోగశాల అక్కర్లేకుండా ప్రతి ఇంట్లోనూ ఇది జరుగుతూనే ఉంటుంది. అప్పులవాడు తలుపు తట్టినప్పుడు ‘నాన్న ఇంట్లో లేరని చెప్పు’ అని పిల్లల చేత చెప్పించడం, ఆర్టీసీ బస్సులో అర టికెట్టు కోసం వయసు తగ్గించి చెప్పమనడం, పోలీసులు కనిపించినప్పుడే హెల్మెట్ తలకు తగిలించుకోవడం పిల్లలు చూస్తూనే ఉంటారు. వీటన్నిటికంటే బాధపెట్టేది మరొకటి. పనికి వచ్చే మనిషికి విడిగా ఉంచిన గ్లాసు ఆ ఇంటి పిల్లలకు మనుషుల మధ్య ఎక్కువతక్కువల పాఠం రోజూ చెబుతుంది. అన్నయ్య తిన్న కంచం ఎవరు తీయాలి, చెల్లెలు తిన్నది ఎవరు తీయాలి అన్న చిన్న విషయం ఆడామగా సమానత్వం గురించి పాఠ్యపుస్తకం కంటే ఎక్కువ నేర్పుతుంది.

విలువ ఎంత బాగా నాటుకున్నా, నిర్ణయం తీసుకునే అలవాటు విడిగా రావాలి. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం పిల్లలకు సంబంధించిన విషయాల్లో వారి అభిప్రాయం వినాలని, వయసును, పరిణతిని బట్టి దానికి విలువ ఇవ్వాలని చెబుతుంది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. దాన్ని ఇంట్లో అమలు చేయడమంటే ఏటేటా కొంచెం కొంచెంగా నిర్ణయాలను చేతికివ్వడమే. ఐదేళ్లకు రెండు చొక్కాల్లో ఏది వేసుకోవాలో, పదేళ్లకు చేతిఖర్చు ఎలా వాడుకోవాలో, పద్నాలుగేళ్లకు చదువుకునే వేళలు ఎలా పెట్టుకోవాలో పిల్లలే తేల్చుకోవచ్చు. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2014లోనే వీలు కల్పించింది. నెల మొదట్లోనే డబ్బంతా ఖర్చుపెట్టేసి మిగతా రోజులు ఖాళీ చేతులతో ఉండటం పదేళ్ల వయసులో చవకైన అనుభవం. అప్పుడు జాలిపడి మళ్లీ డబ్బిస్తే ఆ అనుభవమే దక్కదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ అలవాటుకు తొలి పెద్ద పరీక్ష పదో తరగతి కాగానే వస్తుంది. ఇంటర్‌లో ఏ గ్రూపు? పదిహేను పదహారేళ్ల వయసులో ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీల్లో ఒకటి ఎంచుకోవాలి. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు గణితం, వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు జీవశాస్త్రం కావాలి కాబట్టి ఇక్కడి మలుపు చాలాదూరం వెంట వస్తుంది. చాలా ఇళ్లలో ఈ నిర్ణయం పిల్లవాడు పరీక్షలు రాయకముందే జరిగిపోతుంది. బాబాయి కొడుకు ఎంపీసీ తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు, అమ్మకు ఇంట్లో ఒక డాక్టరుండాలని కోరిక, పక్కవీధి కాలేజీవాళ్లు ఫీజు తగ్గిస్తామన్నారు. పిల్లవాడికి ఏ పాఠం చదువుతుంటే సమయం తెలియదో ఎవరూ అడగరు.

ఇక్కడ పెద్దలు చేయగల మేలు మూడు నాలుగు రకాలుగా ఉంటుంది. దారులన్నీ ముందుంచడం అందులో మొదటిది. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. పదో తరగతి మార్కులతో ట్రిపుల్ ఐటీగా పేరుపడ్డ రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆరేళ్ల చదువుకు వెళ్లవచ్చు. న్యాయశాస్త్రం ఐదేళ్ల కోర్సుకూ, సీఏ ఫౌండేషన్‌కూ ఇంటర్‌లో ఏ గ్రూపైనా పనికొస్తుంది. ఇవి తెలియకుండా జరిగే ఎంపిక రెండే గుమ్మాలున్న ఇంట్లో దారి వెతుక్కోవడం లాంటిది. ఇక, ఊహను అనుభవంతో సరిచూడనివ్వాలి. డాక్టరు కావాలనుకునే అమ్మాయిని తెలిసిన ఆస్పత్రిలో, లాయరు కావాలనుకునే అబ్బాయిని కోర్టులో ఒక పూట కూర్చోబెడితే ఆ వృత్తి రోజువారీ ఎలా ఉంటుందో కంటికి కనబడుతుంది. డబ్బు సంగతి దాచకూడదు. ‘మనం ఏడాదికి ఇంత పెట్టగలం, అంతకు మించితే అప్పు చేయాలి’ అని లెక్క చెబితే పదిహేనేళ్ల పిల్లలు అర్థం చేసుకుంటారు. దాచిపెట్టి చదివించి, తర్వాత ‘నీ కోసం పొలం అమ్మాం’ అని ఎత్తిపొడవడం క్రూరత్వం. రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించే ముందు పిల్లవాడు హాస్టల్ జీవితానికి సిద్ధంగా ఉన్నాడో లేదో అడిగి తెలుసుకోవాలి. చేరాక ఫోను చేసినప్పుడు మొదటి ప్రశ్న వీక్లీ టెస్టు మార్కుల గురించి కాకుండా ఉంటే, ‘ఇక్కడ ఉండలేకపోతున్నాను’ అనే మాట చెప్పడానికి పిల్లలకు చోటు దొరుకుతుంది. ఆ మాటను నాటకంగా కొట్టిపారేయడం ప్రమాదకరం. నిద్ర, తిండి తగ్గడం, మాట్లాడటం మానేయడం కనిపిస్తే కాలేజీ కంటే పిల్లవాడే ముఖ్యమని గుర్తుంచుకుని వెంటనే వెళ్లి చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ మానసిక ఆరోగ్య సేవలో 14416 నంబరుకు ఎవరైనా ఫోను చేసి మాట్లాడవచ్చు.

కౌమారంలో స్నేహితుల ప్రభావం పెరగడం సహజం. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. పక్కన స్నేహితులున్నప్పుడు 13 నుంచి 16 ఏళ్లవారు ఒంటరిగా ఉన్నప్పటికంటే బాగా ఎక్కువ ప్రమాదాలకు తెగించారు. 24 ఏళ్లు దాటినవారిలో అంత మార్పు లేదు. కాబట్టి ‘ఇంట్లో బుద్ధిగా ఉండేవాడు, బయట ఇలా చేశాడేమిటి’ అని ఆశ్చర్యపోవాల్సింది లేదు. దీనికి విరుగుడుగా చాలామంది ఫోను తనిఖీలు, వెంబడి ఆరాలు మొదలుపెడతారు. స్వీడన్‌లో 14 ఏళ్ల పిల్లల మీద హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ చేసి 2000లో ప్రచురించిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. పిల్లలు ఎక్కడున్నారో ఏం చేస్తున్నారో తల్లిదండ్రులకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం పిల్లలు తామే వచ్చి చెప్పినదే. ఆరా తీయడం వల్ల తెలిసింది తక్కువ. చెప్పిన ప్రతిదానికీ ఒక నీతిబోధ ఎదురైతే పిల్లలు చెప్పడం మానేస్తారు. వండుతూనో, బండి మీద వెళుతూనో మాటల్లో మాటగా వచ్చే కబుర్లను విని ఊరుకునే ఓపిక ఇక్కడే అవసరం.

పెద్దలు కచ్చితంగా వద్దనాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. ప్రాణానికి, ఆరోగ్యానికి, ఇతరులకు హాని కలిగించేవన్నీ ఆ కోవలోవే. పదహారేళ్ల కొడుకు బైకు అడిగితే బేరమాడేందుకు ఏమీ లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. అయినా ‘చట్టం ఒప్పుకోదు’ అన్నదానితో పాటు రోడ్డు మీద నడిచే మరొకరి ప్రాణం సంగతి కూడా చెప్పాలి. పెద్దల అధికారానికీ హద్దు ఉంది. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం కింద 18 ఏళ్లు నిండని అమ్మాయికి పెళ్లి చేయడం నేరం. అమ్మాయి ఒప్పుకున్నా, ఊరంతా మెచ్చుకున్నా అది మారదు.

తీసుకున్న నిర్ణయం బెడిసికొట్టడం కూడా జరుగుతుంది. ఇంటర్ మొదటి ఏడాదిలో గ్రూపు పడలేదని తేలితే మార్చుకోవడం అంటే సాధారణంగా ఒక ఏడాది పోవడమే. పరీక్ష తప్పితే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీతో అదే ఏడాది నిలదొక్కుకోవచ్చు. నిర్ణయం పిల్లవాడిదైతే ‘నేను ముందే చెప్పాను’ అనకుండా, పెద్దలదైతే తమ వంతు ఒప్పుకుని, ఏడాది నష్టమా, ఇష్టంలేని చదువులో ఇంకో నాలుగేళ్లా అన్నది ఇద్దరూ కాగితం మీద రాసుకుని తేల్చుకోవాలి. 18 నిండాక ఓటు, ఒప్పందాల మీద సంతకం, వైద్యానికి సమ్మతి అన్నీ చట్టప్రకారం ఆ యువకుడి, యువతి చేతికే వస్తాయి.  అక్కణ్నుంచి తల్లిదండ్రులది అడిగినప్పుడు సలహా చెప్పే స్థానం. ఆ సలహా అడగడానికి పిల్లలు వస్తారా రారా అన్నది అప్పటిదాకా ఆ ఇంట్లో వారి మాటను ఎలా విన్నారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.